అర్థమైంది మేడం

మా తోటికోడలిని ఇంట్లో అందరం ‘మేడం’ అనే పిలుస్తాం. మొదలుపెట్టింది నేనే, ఎగతాళికి. తను నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇంటికొచ్చినా ఆ పాఠం ఆగదు. పప్పు ఎంతసేపు నానబెట్టాలో నాకు వివరంగా చెప్పి, చివర్లో “అర్థమైందా?” అంటుంది. ఆ ఇంటికి తనకంటే ముందొచ్చిన కోడల్ని, పొయ్యి దగ్గర నాకు పాఠమేమిటని ఒళ్ళు మండేది. “అర్థమైంది మేడం” అని రాగం తీసేదాన్ని. తనూ నవ్వేసేది.

ఆ రాగం నా సొంతం కాదు, తన క్లాసుది. ఒకసారి తను మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి విన్నాను. బోర్డు మీద మందు లెక్క వేస్తోంది. సీసాలో మందు ఇంత, డాక్టరు రాసింది ఇంత, సిరంజిలోకి ఎంత తీయాలి? అడిగీ అడగకముందే మొదటి బెంచీలో ఒక అమ్మాయి జవాబు చెప్పేస్తోంది. వెనకాల క్లాసంతా అదే మాట అంటోంది. ఆ తర్వాత “అర్థమైందా?”, “అర్థమైంది మేడం”. ఆ అమ్మాయికి తను పెట్టిన పేరు టకటక. ఇంట్లో ఎప్పుడూ దాని ముచ్చటే.

“నా సర్వీసులో ఇలాంటి పిల్ల తగల్లేదక్కా” అని మురిసిపోయేది.

పాఠం చెప్పాక ఎవరికి వారు వెనక్కి తిరిగి చూసుకోవాలని, క్లాసులో ఏది పిల్లలకి అందింది, ఏది అందలేదు రాసివ్వాలని వాళ్ళ ప్రిన్సిపాల్ ఒక పద్ధతి పెట్టింది. మిగతా టీచర్లు తలలు పట్టుకుంటే మా మేడం టీ తాగుతూ ఒక్క ముక్క రాసిచ్చేది, అందరికీ అర్థమైందని. అబద్ధమేమీ కాదు, తను విన్నదే రాసేది.

టకటక చదువు ముగించుకుని వెళ్ళిన ఏడాదికి మా అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చాం. రెండోరోజు వార్డులోకి వచ్చిన నర్సు ఎవరనుకున్నారు, టకటకే. మేడంని చూసి ఆ పిల్ల మొహం చేటంతయింది. మేడం అయితే చుట్టుపక్కల మంచాల వాళ్ళందరికీ “నా స్టూడెంట్” అని చెప్పుకుంది. అత్తయ్య అంత నొప్పిలోనూ ఊరుకోలేదు.

“కోడలు చెప్పిన చదువు అత్త మీదకే వచ్చిందన్నమాట” అంది.

సాయంత్రం నొప్పి ఎక్కువైతే టకటక ఇంజెక్షన్ తెచ్చింది. నేను దిండు సర్దుతున్నాను. మేడం అలవాటుగా సిరంజి వైపు చూసింది.

“ఎంత తీశావమ్మా?”

“ఒక ఎంఎల్ మేడం.”

“డాక్టరుగారు ఎంత రాశారు?”

“ఒక మిల్లీగ్రాము మేడం.”

“ఈ సీసాలో ఒక ఎంఎల్‌కి ఎంత మందుంది?”

“పది మిల్లీగ్రాములు మేడం.”

జవాబులన్నీ టకటకా వచ్చాయి. మేడం గొంతు మాత్రం మారింది. “అయితే ఎంఎల్‌లో పదో వంతే కదమ్మా తీయాలి? నువ్వు తీసింది దానికి పదింతలు. అర్థమైందా?”

“అర్థమైంది మేడం” అని, అదే సిరంజిని అలాగే పట్టుకుని అత్తయ్య చేతికున్న గొట్టం దగ్గరికి తీసుకెళ్ళింది.

మేడం ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని, కొలత తప్పితే కుట్టు విప్పి మళ్ళీ వేసుకుంటాను. ఒంట్లోకి ఎక్కిన మందుని ఎవరు విప్పుతారు? ఆ వయసులో అంత మోతాదు పడితే ఊపిరి ఆగిపోతుందని మేడం తర్వాత చెప్పింది.

వరండాలోకి వచ్చాక నేను ఆ పిల్లని వదల్లేదు. నా నోరు సంగతి మా వీధి మొత్తానికీ తెలుసు. ఎవరిచ్చారే నీకు డిగ్రీ, మనుషులనుకున్నావా బొమ్మలనుకున్నావా అని కడిగేశాను. ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. మేడం నన్ను ఆపి, మెల్లగా అడిగింది.

“క్లాసులో అన్నీ కరెక్టుగా చెప్పేదానివి కదమ్మా. ఎలా చెప్పావు?”

“సీనియర్ అక్కలు ముందే చెప్పేవాళ్ళు మేడం. మీరు ప్రతి ఏడాదీ అవే లెక్కలు, అదే వరసలో అడుగుతారు. నేను జవాబులు బట్టీపట్టేదాన్ని. మిగతావాళ్ళు నా వెనకాల అనేవాళ్ళు.”

“అర్థం కాలేదని ఒక్కసారైనా అడగొచ్చుగా?”

“మీరు అంత సంతోషంగా ఉండేవారు, ఎలా అడగను మేడం?”

మేడం నిలువునా నీరైపోయింది. అయినా ఆ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి హెడ్ నర్సుకి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉద్యోగం పోతుందని టకటక చేతులు పట్టుకున్నా దాచలేదు. ఇక సూది ముట్టుకోవద్దని, వారం తర్వాత పరీక్ష పెడతానని, అందులో తప్పితే ఇంటికి పొమ్మని హెడ్ నర్సు తేల్చేసింది.

మర్నాడు మేడంని నా బండి మీద కాలేజీ దగ్గర దింపాను. దిగింది గానీ గేటు దాటదే.

“నువ్వూ రా అక్కా. లోపలికెళ్ళాలంటే భయంగా ఉంది” అంది. ఇన్నేళ్ళలో తన నోట ఆ మాట వినడం అదే మొదలు.

వెనక బెంచీలో కూర్చున్నాను. మేడం తలా ఒక సిరంజి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. ఎప్పుడూ ఇవ్వని లెక్క బోర్డు మీద రాసింది. “ఎవరూ నోరు తెరవొద్దు. ఎంత తీయాలో అంత తీసి పైకెత్తండి” అంది. అందరూ మొదటి బెంచీ వైపు చూశారు. మొదటి బెంచీ కిటికీ వైపు చూసింది. చివరికి ఎత్తారు. ఒకరి సిరంజిలో నిండా నీళ్ళు, ఒకరిలో సగం, ఒకరిలో చుక్క. నా పక్కనున్న పిల్లది సరిగ్గా ఉంది. ఎలా వేశావని మేడం ఆశగా అడిగితే, “తెలీదు మేడం, ఊరికే తీశాను” అంది. నవ్వొచ్చింది గానీ మేడం మొహం చూసి మింగేశాను.

ఆ గంటంతా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మొదటినుంచీ చెప్పింది. బెల్లు కొట్టారు. పాపం, అలవాటు ఎక్కడికి పోతుంది, “అర్థమైందా?” అనేసింది.

“అర్థమైంది మేడం” అంది క్లాసంతా. అదే రాగం.

మేడం కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ వారమంతా టకటక సాయంత్రాలు మా ఇంటికొచ్చి, నా కుట్టుమిషన్ పక్కన బల్ల మీద నేర్చుకుంది. లెక్క కంటే ముందు ఆగడం నేర్పాల్సి వచ్చింది. జవాబు నోటిదాకా వస్తే మేడం అరచెయ్యి చూపించేది, ఆ పిల్ల పెదాలు బిగించుకుని కూర్చునేది. ఒకరోజు ఏడ్చేసింది కూడా. దశాంశాలు బళ్ళో ఉన్నప్పటినుంచే రావని ఆ ఏడుపులో చెప్పింది. మేడం అక్కణ్ణుంచే మొదలుపెట్టింది.

పరీక్షలో హెడ్ నర్సు లెక్క అడిగితే “ఆగండి, చూసుకుని చెబుతాను” అందట. చాలాసేపు తీసుకుందట. సరిగ్గా తీసిందట. ఉద్యోగం నిలబడింది. ఆ కబురు విని నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. అన్నం వడ్డించి మేడంని పిలిచాను. వచ్చి కూర్చుంది, కంచంలో చెయ్యి పెట్టలేదు.

“ఇంకా ఏంటమ్మా దిగులు? ఆ పిల్ల గట్టెక్కిందిగా” అన్నాను.

“మనత్తయ్య మంచం దగ్గరికొచ్చింది కాబట్టి ఈ పిల్ల సంగతి తెలిసిందక్కా. ఇన్నేళ్ళుగా నా క్లాసు నుంచి వెళ్ళినవాళ్ళంతా ఇప్పుడు ఏదో ఒక వార్డులో సిరంజి పట్టుకునే ఉంటారు. వాళ్ళూ అర్థమైందనే అన్నారు.”

మాటకి మాట అంటించకుండా ఊరుకోని దాన్ని. అలాంటిది తన కంచం పక్కనే కూర్చుండిపోయాను.