జిడ్డు మాస్టారి బొటనవేలు

మా బావ కుడిచేతి బొటనవేలి గురించి నేను చెబితే సగం మంది నమ్మరు. ఆ వేలితో ఒక్కసారి తడిమితే చాలు, తుప్పు పట్టిన తాళం కూడా కిక్కురుమనకుండా తెరుచుకుంటుంది. పెళ్లయిన కొత్తలో ఆయన అద్దం పట్టుకుంటే, ఆ మరకలో మా అక్కకు తన ముఖం మూడు రోజులు కనపడలేదు. సరే, రెండు రోజులు.

మేమిద్దరం పనిచేసే ల్యాబులో అందరూ ఆయన్ని జిడ్డు మాస్టారు అనేవారు. వెక్కిరింతగా మొదలైన పేరు, పోనుపోను హోదా అయింది. ఫోన్ల గాజు మీద వేలిముద్ర నిలవకుండా పూత తయారుచేయడం ఆయన పని. పరీక్షల కోసం సీసాల్లో వచ్చే నకిలీ చెమటను ఆయన నమ్మేవాడు కాదు. ముక్కు పక్కన బొటనవేలు రుద్ది, గాజు మీద గట్టిగా నొక్కి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేవాడు. మరక పోతే పూత పాసు.

ఆ పూత కంటికి కనపడదు. ఒక వెంట్రుకను కొన్ని వేల పోగులుగా చీలిస్తే, అందులో ఒక్క పోగంత మందం. దాన్నిండా ఫ్లోరిన్ అంటుకున్న పొడవాటి గొలుసులు. ఒక కొన గాజును పట్టుకుంటుంది, రెండో కొన పైన జారుడుగా పరుచుకుంటుంది. చదువు మధ్యలో వదిలేసిన నాకు అర్థమయ్యేలా బావ చెప్పాడు.

"బస్సులో నిలబడ్డ జనం అనుకోరా. చెయ్యి కమ్మీ పట్టుకోవాలి, ఒళ్లు మాత్రం ఎవరికీ అంటకూడదు. పట్టు పెంచితే జారుడు తగ్గుతుంది. జారుడు పెంచితే, బ్రేకు వేయగానే అందరూ కింద పడతారు."

"తొమ్మిదేళ్లుగా ఆ బస్సులోనే ఉన్నావు. ఎప్పుడు దిగుతావు బావా?"

"నువ్వు డిగ్రీ పూర్తిచేసిన రోజు."

నా పని రుద్దడం. గాజు ముక్క మీద స్టీలు పీచు చుట్టిన దిమ్మ ఆనించి, కిలో బరువు పెట్టి, మిషన్‌ను ముందుకూ వెనక్కూ ఆడించడం. నేను రుద్దిన దూరమంతా కలిపితే చంద్రుడి దాకా వెళ్లి, ఇంటి తాళం మర్చిపోయానని వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లొచ్చు. గాజు గట్టిది, గీత పడదు. అరిగేది పూతే. రుద్దాక దాని మీద నీటి చుక్క వేస్తారు. చుక్క పూసలా నిలబడితే పూత ఉన్నట్టు, చెదిరి పరుచుకుంటే పోయినట్టు.

కంటికి కనపడదు కాబట్టి, పూత ఏ వైపు ఉందో తెలియడానికి బావ ఒక పద్ధతి పెట్టాడు. నిలువుగా ఉన్న గాజు ముక్కకు ఒక మూల కోస్తాడు. కోసిన మూల పైన కుడివైపు వచ్చేలా పట్టుకుంటే పూత మన వైపు ఉన్నట్టు. ఇది ఎక్కడా రాసి లేదు. అందరి చేతులకూ అలవాటైపోయింది, అంతే.

తొమ్మిదో ఏడు కొత్త డాక్టరు వచ్చాడు. మందులిచ్చే డాక్టరు కాదు, రసాయనశాస్త్రంలో పెద్ద చదువు చదివినవాడు. మంచివాడే పాపం, నా జోకులకు అర్థం కాకపోయినా నవ్వేవాడు. ఆరు నెలలు తిరక్కుండానే సొంత పూత చేసుకొచ్చాడు. డైరెక్టరమ్మ తేల్చి చెప్పింది. "రెండూ రుద్దండి. నిలిచింది ఫ్యాక్టరీకి వెళ్తుంది. ల్యాబులో ఒక్క పూతకే చోటుంది." ఒక్క మనిషికే అని ఆవిడ అనలేదు. మాకందరికీ వినపడింది.

పరీక్ష రోజు పొద్దున అక్క బావ చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది.

"ఇవాళైనా ఆ వేలు సబ్బుతో కడుక్కుని వెళ్లండి."

"కడిగితే ఉద్యోగం పోతుందే!"

బావ పూత మీద ఆరు వేల సార్లు రుద్దాక చుక్క చెదిరింది. అదేం చిన్న సంగతి కాదు, అంతకు ముందు మా దగ్గర ఏ పూతా మూడు వేలు దాటలేదు. తర్వాత డాక్టరు కోసి తెచ్చిన ముక్కలు. నేనే పెట్టాను, కోసిన మూల కుడివైపుకు. ఆరు వేలు. పది వేలు. ఇరవై వేలు. ప్రతిసారీ డాక్టరే తీసుకెళ్లి నీటి చుక్క వేశాడు. ప్రతిసారీ అది ముత్యంలా నిలబడింది. ల్యాబంతా మిషన్ చుట్టూ మూగింది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పరీక్ష కాగితం మీద సంతకం చేయాల్సిన పెద్ద మా బావే. చేశాడు. చేసి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "నాకు నేర్పిస్తావా బాబూ?"

తర్వాత వారం రోజులు బావ డాక్టరుగారి ఫార్ములా ముందేసుకుని ఇంట్లో వంటగదిలో కూర్చున్నాడు. గొలుసుల బొమ్మలు గీయడం, కొట్టేయడం.

"నా లెక్క ప్రకారం ఇది రెండు వేలకు మించి ఆగకూడదురా. ఇరవై వేలు ఆగింది. అంటే ఇన్నేళ్లూ నాకు తెలిసిందంతా తప్పన్నమాట."

"నాకూ లెక్కలు అలాగే వచ్చేవి బావా. అందుకేగా కాలేజీ వదిలేశాను!"

ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వలేదు.

మరుసటి నెల ఆయన్ని ప్యాకింగుకు మార్చారు. గాజు పలకల్ని లైటు కింద తిప్పి చూసి, పల్చటి కాగితంలో చుట్టి పెట్టాలి. మరక పడకూడదని చేతులకు తెల్ల గ్లవ్స్. అంతటి బొటనవేలికీ ముసుగేశారు.

ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను పక్కనుండగానే డాక్టరు కొత్త ముక్కలకు మూల కోస్తున్నాడు.

"అదేంటి సార్, పూత పైకి పెట్టుకుని ఎడమ మూల కోస్తున్నారు?"

"నేనెప్పుడూ అంతే. మా పాత ల్యాబులో ఎడమే."

ఒక ముక్క తీసుకుని కోసిన మూల కుడికి తిప్పాను, పూత కిందికి పోయింది. ఆ రోజు నేను రుద్దింది ఉత్త గాజు. ఇరవై వేల సార్లు, కిలో బరువు వేసి మరీ, వెనక వైపు. ఆయనేమో తన అలవాటు ప్రకారం ముక్కను తిప్పుకుని, ఎవరూ ముట్టుకోని పూత మీద నీటి చుక్క వేసుకున్నాడు. ఎవరూ మోసం చేయలేదు. తిట్టుకుందామంటే నేను తప్ప మనిషే దొరకలేదు.

ప్యాకింగుకు పరిగెత్తాను. "బావా, ఆ ఇరవై వేలూ ఒట్టివే! ముక్క తిరగేసి రుద్దాను!"

బావ తలెత్తలేదు. "పోయిన వారం చిరుతపులిని గొడుగుతో తరిమానన్నావు."

"ఇది నిజం బావా!"

"అదీ నిజమే అన్నావు కదరా."

ల్యాబు బీరువాలోంచి అప్పటి ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను. కోసిన మూల కుడికి పెట్టి, మార్కరుతో గీత గీశాను. నల్లగా, తిన్నగా నిలిచింది. అక్కడ పూత లేదు. తిరగేసి గీశాను. సిరా ముడుచుకుని చిన్న చిన్న పూసలైంది. బావ గ్లవ్స్ తీసేశాడు.

"అయితే నా లెక్క తప్పు కాదు," అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు.

ఇద్దరం డైరెక్టరమ్మ గదికి వెళ్లాం. ఆవిడ అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు పాసైందో ఇప్పుడు తెలిసింది. ఆ పూత రెండు నెలల్లోనే అరిగిపోయి ఫోన్లు వెనక్కొచ్చాయండీ. అప్పుడు డాక్టరుగారు మీ పాత ఫైలు తీసి, నంబరు మార్చి పంపించారు. నాలుగు నెలలుగా ఫ్యాక్టరీలో పూస్తున్నది మీదే."

నాలుగు నెలలుగా బావ తన పూతనే కాగితాల్లో చుడుతున్నాడు.

"నాకెవరూ చెప్పలేదు."

"మీదే వాడుతున్నందుకు సంతోషించాలి గానీ!"

"మరి నేను ల్యాబుకి..."

"అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు. ఇంకో మాట. ఆ తప్పుడు పరీక్ష మీద సంతకం మీది. దాన్ని కదపకపోతే మీకే మంచిది."

నేను నోరు తెరిచాను. బావ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. చెప్పినా అక్క నన్ను నమ్మేది కాదు.

కొన్నాళ్లకు అక్క కొత్త ఫోను కొంది. బావ దాన్ని అందుకుని, ముక్కు పక్కన బొటనవేలు రుద్ది, గాజు మీద గట్టిగా నొక్కాడు. చొక్కా అంచుతో ఒక్క తుడుపు తుడిచి, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూశాడు. అక్కడ ఏమీ మిగల్లేదు.

"ఇది నాదే," అన్నాడు.

"మీదేంటి? నిన్న నేను కొనుక్కున్నాను," అని అక్క ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఆ జిడ్డు వేలు దీనికి తగలనివ్వకండి."

బావ వేలు చొక్కాకు తుడుచుకుని ప్యాకింగు షిఫ్టుకు వెళ్లిపోయాడు.