ముప్పాళ్ళ కల్లంలో మిరపకాయల వాన

ఇందులో ప్రతి అక్షరం నిజమని, పాతికేళ్లుగా నా జేబులో ఉన్న కొలతల టేపు మీద ఒట్టేసి చెబుతున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు. నరసరావుపేటలో వ్యవసాయ యంత్రాలు చేసే ఒక షెడ్డులో నేను డిజైన్ కోఆర్డినేటర్‌ని. డ్రాయింగ్ గీసేవాళ్లకీ, ఇనుము కోసేవాళ్లకీ, కొనేవాళ్లకీ మధ్య మాట మోసే ఉద్యోగం. అప్పట్లో మిరపకాయల తొడిమలు తీసే మిషను చేస్తున్నాం.

ప్రోటోటైపును, అంటే అమ్మకానికి ముందు చేసే నమూనాను, ముప్పాళ్ళలో సుబ్బాయమ్మ కల్లంలో నడిపి చూపించాం. ఆమె మహిళా రైతుల సంఘానికి పెద్ద. పది మిషన్లు కావాలన్న మనిషి, దాని నడక చూసి పెదవి విరిచింది.

"ఏందయ్యా ఈ నడక? మా అత్తకి తొంభై ఏళ్లు, ఆమే నయం. ఇంకొక్కసారి చూస్తా. అప్పుడూ ఇట్టాగే ఉంటే బండెక్కించుకుపోండి."

ఆ ఆర్డరు పోతే ఈ మిషనే మానేస్తానన్నాడు మా ఓనరు.

వారం తర్వాత మళ్లీ అదే కల్లంలో స్విచ్ వేశాం. కాయలు ఎగిరాయి. కల్లం దాటాయి, గడ్డివాము దాటాయి. ఒకటైతే ఎన్నో ఊళ్ల అవతలున్న దుర్గిలో, శిల్పి సగం చెక్కిన నంది చెవిలో దొరికింది.

వేగం పెంచాలని డిజైనర్ దివ్య మోటారు పుల్లీని, అంటే బెల్టు తిప్పే చక్రాన్ని, రెండింతలు పెద్దది చేసింది. అదే వేగం కోసం ఫిట్టర్ మస్తాన్, తొడిమలు తీసే రోలరు పుల్లీని సగానికి తగ్గించాడు. వెరసి వేగం నాలుగింతలు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాకు ఇద్దరూ చెప్పలేదు.

"మస్తాన్ బాబాయ్, నా డ్రాయింగ్ చూడలా?"

"నువ్వు నా మిషను చూశావా అమ్మా?"

నేను స్విచ్ ఆపబోతే సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండబ్బాయ్, అటు చూడు."

గట్టి కాయలు దూరంగా పడుతున్నాయి. తొడిమలూ తేలికపాటి తాలుకాయలూ దగ్గరే రాలుతున్నాయి.

"తూర్పారబట్టినట్టే ఉంది గదా. కాస్త నిదానం చేసి, అడ్డంగా పరదా కట్టండి. పది కాదు, పన్నెండు తీసుకుంటాం. చానా బాగుంది."

ఆ రోజు నుంచీ మా షెడ్డులో చేంజ్ నోట్ లేనిదే బోల్టు కూడా మారదు. ఏది మారుతోందో, ఎవరు మారుస్తున్నారో రాసి, అందరి చేతా సంతకం పెట్టించే కాగితం అది.

ఒట్టేశాను గనుక ఒక్కటి ఒప్పుకోవాలి. నంది చెవి సంగతి నిజమే. ఇద్దరూ నాకు చెప్పలేదన్నదే కల్పన. ఆ వారంలో ఒకరోజు, పుల్లీ మార్చనా అని దివ్య పొద్దున అడిగింది, మస్తాన్ మధ్యాహ్నం అడిగాడు. ఇద్దరికీ తల కూడా ఎత్తకుండా "సరే, కానీయండి" అన్నది నేనే. అందుకే ఆ కాగితంలో మొదటి సంతకం నాది.