గిటార్ మెడ కింద నూనె

ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు గారు "తలలు వంచి ప్రార్థన చేద్దాం" అంటారు. అప్పుడు నేను ఎలక్ట్రిక్ గిటార్ మీద ఒకే ఒక స్వరం మీటి వదిలేస్తాను. అది సన్నబడుతూ ఉండగా జనం మోకాళ్ళ మీదికి దిగుతారు. బావ పక్కనున్న రోజుల్లో అతని బేస్ గిటార్ కింది నుంచి ఆ స్వరాన్ని మోసేది. సంఘం రెండుగా చీలి, అతను తుమ్మపాలలో కొత్తగా మొదలైన సంఘానికి వెళ్ళిపోయాకే నాకు తెలిసింది, ఆ స్వరం మోకాళ్ళు నేలకి ఆనేలోపే చచ్చిపోతోందని.

బావ అంటే చుట్టరికం కాదు, ఒకరినొకరం పిలుచుకునే పిలుపు. ఒకే ఆంప్లిఫయర్‌కి ఇద్దరి వైర్లూ గుచ్చి నేర్చుకున్నవాళ్ళం. సంఘం ఎందుకు చీలిందని పెద్దల్ని అడిగితే ఒక్కొక్కరు బైబిల్లో ఒక్కో వాక్యం చూపిస్తారు. మా ఇద్దరి మధ్య మాత్రం ఒక్క మాట తేడా రాలేదు. ఒక ఆదివారం అతను రాలేదు, అంతే. తర్వాత ఎవరం ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

నేను నాతవరం వైపు ఒక బడిలో లెక్కలు చెప్పి, సాయంత్రానికి అనకాపల్లిలో నా గదికి వస్తాను. వంట ఒక్కడికే కాబట్టి తొందరగా అయిపోతుంది. గిటార్ ఒళ్ళో పెట్టుకుని, కరెంటు లేకుండానే మెడ మీది ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో స్వరం మీటి, ఎంతసేపు నిలుస్తుందో వింటూ కూర్చోవడం అలవాటైంది. అలా నిలవడాన్నే సస్టెయిన్ అంటారు. మూడో తీగ మీద నేను ప్రార్థనకి మీటే స్వరమే అన్నిటికంటే ముందు ఆరిపోయేది.

ఫోన్లో వీడియోలు చూశాను. గిటార్ మెడని ఒంటికి కలపడంలో మూడు పద్ధతులున్నాయి. ఒంట్లో గాడి తీసి, మెడని అందులో కూర్చోబెట్టి స్క్రూలతో బిగించడం ఒకటి. జిగురు పెట్టి అతికించెయ్యడం ఒకటి. అసలు అతుకే లేకుండా తల నుంచి చివరిదాకా ఒకే దూలం వేసి, రెండు పక్కలా రెక్కల్లాగ ఒంటిని కట్టడం ఒకటి. స్క్రూల మెడ మీటగానే టక్కుమని చురుగ్గా పలుకుతుందనీ, అయితే మోత అతుకు దగ్గర కొంత జారిపోతుందనీ చెబుతారు. అతికించిన మెడది నిండు గొంతు. ఒకే దూలానిది ఇంకా నిలిచే మోత. ఇదంతా ఊహే, అతుకు ఎంత బిగువుగా ఉందన్నదే ముఖ్యం అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మొదటివాళ్ళ మాటే నచ్చింది. ఒకటిగా ఉన్నదే నిలుస్తుందనే మాట, సంఘంలో పెరిగినవాడి చెవికి వినగానే నిజంలా ఉంటుంది.

నాది నాలుగు స్క్రూల మెడ. అతికించెయ్యాలనుకున్నాను. జిగురు ఆరేదాకా నొక్కి ఉంచడానికి క్లాంపులు కావాలి. అవి బావ దగ్గర ఉన్నాయి, అతనిది అల్యూమినియం కిటికీల షాపు. క్లాంపులు బజార్లోనూ అమ్ముతారు. నేను అడగాలనుకున్నది వాటిని కాదు. తిరిగి వచ్చి నా పక్కన నిలబడతావా అని. గిటార్ సంచీలో పెట్టుకుని అతని షాపుకి వెళ్ళాను.

"వందనాలు బ్రదర్," అన్నాడు బావ, కటింగ్ మిషన్ ఆపి.

ఏ ఊరి విశ్వాసి గడప తొక్కినా అనే మాట అది. నన్ను ఏనాడూ బ్రదర్ అనలేదు.

"వందనాలు. క్లాంపులు కావాలి, మెడ అతికిద్దామని."

"ఏటి, గిటారుకా?" సంచీ జిప్పు తనే లాగాడు. "దీనికేటొచ్చింది?"

"మోత నిలవట్లేదు."

"తీగలెప్పుడు మార్సేవు?"

"మొన్నే."

"మొన్నంటే? కిందటి క్రిస్మస్సా?"

నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను. తీగలు వదులు చేసి, స్క్రూలు విప్పి, మెడని పైకి లేపాడు. గాడిలో నల్లటి జిడ్డు, దుమ్ముతో కలిసి ముద్దై ఉంది. అదేమిటో ఇద్దరికీ తెలుసు.

గిటార్ కొన్న కొత్తలో దానికి ప్రతిష్ఠ చేశారు. బైబిల్లో చెప్పిన అరణ్యపు గుడారంలో పాత్రలకి తైలం పూసినట్టే ఆరాధన వాయిద్యాలకీ పూయాలని మా సంఘ పెద్ద ఒకాయన పట్టు. వేలితో రాస్తారనుకున్నాం. ఆయన సీసా వంచేశారు. ఆలివ్ నూనె మెడ మీద నుంచి అతుకులోకి జారుతుంటే, బావ ఒక పక్కా నేనొక పక్కా పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని ఆమెన్ అన్నాం. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఇన్నాళ్ళూ ఊరగాయలాగ ఊరింది," అన్నాడు బావ. "దీని మీద ఏ జిగురూ పట్టదు. గీకాలి."

నేను గాడి మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఏటి, వద్దా?"

"అభిషేకం సేసింది కదా."

"అభిషేకం సెక్కకా, మనకా?" అని బ్లేడు తీసి, మళ్ళీ కింద పెట్టేశాడు. "నాకూ సెయ్యి రావట్లేదు. నువ్వు ప్రార్థన సెయ్యి. అప్పుడు గీకుతాను."

దోమల మెష్ కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి చూస్తుండగా, విప్పిన గిటార్ మీద చేతులుంచి ప్రార్థన చేశాను. సంఘం చీలాక మేమిద్దరం కలిసి చేసిన ప్రార్థన అదొక్కటే. ఆమెన్ అనగానే బావ బ్లేడుతో గీకి, థిన్నర్ గుడ్డతో తుడిచి, సన్న గరుకు కాగితం పట్టాడు. చెక్క తెల్లగా బయటపడింది.

"అతికించొద్దు బావా," అన్నాడు తలెత్తకుండానే. "రేపు మెడ వంగిందనుకో, మళ్ళీ ఇప్పలేం. బిగువుగా కూకుంటే సాలు."

బావా అన్నాడు. నేను జిగురు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బిగించాక మీటి చూశాను. చెక్కకి చెక్క ఆనిందేమో, మోత నా పొట్టకి తగిలి చాలాసేపు నిలిచింది. మూడో తీగ మీది ఆ స్వరం మాత్రం ఎప్పటిలాగే చచ్చిపోయింది. మెడ ఆ ఒక్క స్వరానికి తను కూడా ఊగి దాని బలం తినేస్తుంది. చాలా గిటార్లకి అలాంటి చోటొకటి ఉంటుంది.

బావ చెయ్యి చాచి గిటార్ తలని గుప్పిట్లో పట్టుకున్నాడు. "ఇప్పుడు కొట్టు."

మీటాను. తలకి బరువు చేరితే మెడ ఊగే తీరు మారుతుంది. స్వరం నిలిచింది. అది పూర్తిగా ఆరేదాకా అతను చెయ్యి తియ్యలేదు.

"ఆదివారం రా బావా," అన్నాను. "వాయించకపోయినా పర్లేదు. తల పట్టుకుని నిలబడు, సాలు."

నవ్వాడు. తర్వాత స్క్రూ డ్రైవరు తుడుస్తూ చెప్పాడు. "మా ఆరాధనా అదే టైముకి. అక్కడ బేసుకి నేను తప్ప ఎవుళ్ళూ లేరు." గోడ మేకుకి వేలాడుతున్న చిన్న ఇనప క్లాంపు తీసి ఇచ్చాడు. "ఇది తలకి బిగించుకో. గుడ్డముక్క అడ్డం పెట్టు, పాలిష్ పోద్ది."

ఆ ఆదివారం తలలు వంచమన్నప్పుడు మీటాను. జనమంతా మోకాళ్ళ మీదికి దిగి, ఎవరో వెనకాల ఏడవడం మొదలుపెట్టేదాకా స్వరం నిలిచింది. నా పక్కన స్పీకరు పెట్టె, దాని మీద ఎవరిదో నీళ్ళ సీసా ఉన్నాయి.

బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ గిటార్ తలకేసి చూసి, "కట్టు కట్టేవేటి బాబూ, ఇరిగిపోయిందా?" అంది.

"లేదమ్మా, మా బావది. ఇచ్చెయ్యాలి," అన్నాను.

ఇంకా ఇవ్వలేదు.