పళ్ళసెట్ల మామయ్య పాట

గండం గడిచి పిండం బయటపడింది కాబట్టి ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాయగలుగుతున్నాను. అది నడిచిన రోజుల్లో మా ఇంట్లో నవ్విన మొహం ఒక్కటీ లేదు.

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, పళ్ళసెట్లు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టర్లు నోటి కొలత తీసి పంపిస్తే, ఆయన దానితో ప్లాస్టర్ అచ్చు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి, ఆఖరికి మైనాన్ని కరిగించి ఆ చోట గులాబీ రంగు ప్లాస్టిక్ నింపి మెరుగుపెడతాడు. మెట్ల కింద ఇరుకు గది. గోడ పొడవునా అరలు, అరల నిండా ఎవరెవరివో దవడలు. నేను కాలేజీ మానేసి ఇంట్లో అందరికీ చేదైపోయినప్పుడు, "వాణ్ణి నా దగ్గరికి పంపక్కా. నోరు మూసుకుని నాలుగు నోళ్ళు మోసుకెళ్ళి డాక్టర్లకి ఇచ్చొస్తాడు" అని పిలిపించుకున్నాడు. మోసుకెళ్ళడం వరకు చేస్తున్నాను. నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

ఆయనకు జాజ్ పిచ్చి పట్టించినది మనిషి కాదు, గోడ. అవతలి గదిలో పాత స్పీకర్లు బాగుచేసే ఆయన ఉంటాడు. నేను బాబాయ్ అంటాను. స్పీకరు బాగుపడిందో లేదో తేల్చుకోవడానికి బాబాయ్ ఎప్పుడూ ఒక్క పాటే పెడతాడు. మాటల్లేని జాజ్ పాట. అడుగున లావుపాటి తీగ ఒకటి గుమ్ గుమ్మంటూ నడుస్తుంది, పైన డ్రమ్ము మీద కుంచెతో దువ్వుతున్నట్టు సన్నటి చప్పుడు. స్పీకర్లో ఏ రోగమున్నా ఈ రెంటిలో ఎక్కడో ఒకచోట బయటపడుతుందట. తర్వాత శాక్సోఫోన్ అందుకుంటుంది. అది గొంతు విప్పేలోపే బాబాయ్ "సరిపోయింది" అని ఆపేస్తాడు. మామయ్య ఏళ్ళ తరబడి ఆ ముక్కే విన్నాడు. ఒకరోజు పని మధ్యలో లేచి, చేతులకు మైనంతోనే వెళ్ళి పక్కగది తలుపు తట్టాడు.

"ఆ ఊదేవాడు తర్వాత ఏం చేస్తాడు గురూ?"

"ఎవడు?"

"రోజూ పీక నొక్కేస్తున్నావు చూడు, వాడు."

బాబాయ్ పగలబడి నవ్వి పాట మొత్తం పెట్టాడు. మామయ్య గుమ్మంలోనే నిలబడి విన్నాడు. ఆ ఊదేవాడు మొదట చెప్పిన వరసనే విరిచి, మెలితిప్పి, దారి తప్పి, ఇక వీడి పని అయిపోయిందనుకునేసరికి మళ్ళీ వచ్చి ఆ లావుపాటి తీగ పక్కన చేరాడు. ఆ సంగతి మామయ్య నాకు చాలాసార్లు చెప్పాడు. "నా పనిలో వెంట్రుకవాసి తేడా వస్తే సెట్టు వెనక్కొస్తుందిరా అల్లుడూ. వాడు కావాలని తేడా చేసి మరీ నెగ్గుకొచ్చాడు!"

అక్కణ్ణుంచి బాబాయ్ దగ్గరున్న జాజ్ అంతా విన్నాడు. వినడం చాల్లేదు. సొట్టలు పడిన పాత శాక్సోఫోన్ ఒకటి కొనుక్కొచ్చాడు. మొదటి రోజు అత్తయ్య వంటింట్లోంచి తల బయటపెట్టి, "దూడని ఎక్కడ కట్టేశారండీ? తల్లి కోసం అరుస్తోంది" అంది. దూడ కొన్నేళ్ళు అరిచింది. తర్వాత మెల్లగా మనిషి గొంతు వచ్చింది, ఆ తర్వాత మామయ్య గొంతే వచ్చింది. నేను వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నాలు స్పీకర్ల గదిలో ఇద్దరూ వాయిస్తున్నారు. బాబాయ్ కుంచెలు పట్టుకుని డ్రమ్ము దువ్వుతాడు. మూలనున్న పాత కీబోర్డు నాకు అంటగట్టారు. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. ఈ సంగీతానికి ఆ అవసరమే లేదు.

ఇంతలో మామయ్య పై పళ్ళు కదలడం మొదలైంది.

ఆయన ముందుపళ్ళు పుట్టు వంకర. ఒకటి గడప దాటి బయటికొచ్చినట్టుంటే, పక్కది సిగ్గుపడి లోపలికి పోయినట్టుంటుంది. "మొదటిసారి చూసినప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే బుద్ధిమంతుడనుకున్నా. తర్వాత తెలిసింది కారణం" అని అత్తయ్య ఎవరొచ్చినా చెబుతుంది. చిగుళ్ళు పాడయ్యాయని, పైన ముందువి నాలుగూ తీసేయాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఇంకొకరైతే పోతే పోయాయనుకుంటారు. శాక్సోఫోన్ ఊదేటప్పుడు మాత్రం నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ మీద పై పళ్ళు ఆనించాలి. పట్టు అంతా అక్కడే. ఆ మాట చెబుతూ మామయ్య, "పళ్ళు నాకు లెక్క కాదురా, రోజూ చేసేవే. ఆ గొంతు పోతేనో?" అన్నాడు.

పళ్ళు తీయించుకునే ముందే తన నోటి అచ్చు తనే పోసుకున్నాడు. ఆ అచ్చు మీది వంకర పళ్ళను, పనివాడి అలవాటు కొద్దీ, శుభ్రంగా అరగదీసేశాడు. వాటి చోట ముత్యాల్లాంటి నాలుగు పళ్ళు తిన్నగా నిలబెట్టాడు. ఇన్నేళ్ళుగా జనానికి చేసిపెట్టిన అందం ఒక్కసారైనా తనకు చేసుకోవాలనిపించి ఉంటుంది. పుండు మానాక సెట్టు పెట్టుకుని అద్దం ముందు నవ్వితే అత్తయ్య కళ్ళార్పలేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ మనిషిని!" అంది.

ఆ ఆదివారం ఊదాడు. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. ముందుకు నిలబెట్టిన ఆ పళ్ళ అంచు మీద బరువు పడగానే వెనక సెట్టు అంగిటి నుంచి లేచిపోతోంది. కీచుమని ఒక చప్పుడు, బుస్సుమని ఇంకొకటి. బాబాయ్ మాట తేలిక చేద్దామని, "పర్లేదు గురూ, ప్రెషర్ కుక్కర్‌తో కూడా జాజ్ వాయించొచ్చు" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

సెట్టును పక్కపళ్ళకు పట్టి ఉంచే కమ్మీలు బిగించాడు. ప్లాస్టిక్ మందం పెంచాడు, తగ్గించాడు. ఊహూఁ. "పాత పట్టంతా ఆ లోపలి పన్ను మీద నిలబడేదిరా. అదెంత లోపలికుండేదో తెలిస్తే చాలు" అన్నాడు. అరల నిండా ఊళ్ళోవాళ్ళ దవడలున్నాయి, ఆయనది మాత్రం ఆయనే అరగదీసేసుకున్నాడు. ఫొటోలు వెతికాను. చిన్నప్పటి నుంచి ప్రతి ఫొటోలోనూ నోరు మూసుకునే ఉన్నాడు. గుర్తున్నంతలో వంకరగా పెట్టి చూస్తే నాలుక తగిలి మాటే తడబడింది.

ఒకరోజు భోజనాల దగ్గర, "ఎవరికైనా కావాలేమో అడిగి ఇచ్చేయమని బాబాయ్‌కి చెప్పు" అన్నాడు. ఏది అని అడగక్కర్లేదు, శాక్సోఫోనే. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. అరిచే మనిషి అరిస్తే భయం వేయదు, ఇలా మెల్లగా మాట్లాడితేనే వేస్తుంది.

మరుసటి రోజు అత్తయ్య శాక్సోఫోన్ ముందేసుకుని తుడుస్తోంది. పరాయి ఇంటికి మట్టితో పంపడం ఆమె పద్ధతి కాదు. మౌత్‌పీస్ ఊడదీసి బట్టతో రుద్దుతూ ఒక్కసారిగా విసుక్కుంది.

"ఏమండీ, ఇదేంటి, కుక్కకి వేశారా? ఎంత రుద్దినా పోవు, ఈ గాట్లేంటి?"

మామయ్య మెట్ల కింది గదిలోంచి వచ్చాడు. దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేసి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. నల్లటి మౌత్‌పీస్ మీద రెండు గుంటలు. ఒకటి నోట్లో పెట్టుకునే కొసకు దూరంగా, తేలిగ్గా. ఇంకొకటి, ఆ లోపలి పన్నుది, కొసకు బాగా దగ్గరగా, లోతుగా. ఏళ్ళ తరబడి ఆయన పళ్ళు తొలుచుకున్న గూళ్ళు.

"ఒరేయ్, మైనం!" అని అరిచాడు. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మెత్తటి మైనం ఆ గుంటల్లోకి అద్ది తీశాడు. ఏ పన్ను ఎంత ముందుకో, ఎంత వెనక్కో, ఎంత వాలి ఉండేదో అందులో ఉంది. ఆ కొలత పట్టుకుని కొత్త సెట్టు కట్టడానికి కూర్చున్నాడు. విషయం అర్థమయ్యాక అత్తయ్య మొహం మారింది.

"అంటే మళ్ళీ ఆ వంకర పళ్ళేనా?"

"ఆఁ."

"ఆ తిన్నవి?"

మామయ్య మైనం చెక్కుతూనే ఉన్నాడు. అత్తయ్య కాసేపు ఆ ముత్యాల సెట్టు చేతిలో అటూ ఇటూ తిప్పింది. "సరే, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు ఇవి పెట్టుకోండి. ఊదేటప్పుడు మీ వంకర మీరు పెట్టుకోండి. అంతేగానీ, మొన్నట్లా కంచం ముందు తల వేలాడేసుకుని కూర్చోకండి. చూడలేను" అంది.

కొత్త సెట్టు పెట్టుకుని స్పీకర్ల గదిలో నిలబడ్డాడు. బాబాయ్ కుంచెలు ఎత్తి పట్టుకున్నాడు గానీ కింద ఆనించలేదు. మామయ్య అన్నిటికన్నా కింది స్వరం పట్టాడు. మొదట కాస్త గాలి. ఆ వెంటనే, మూత తీసినట్టు, లావుగా, వెచ్చగా, ఆయన గొంతు. అది ఆగలేదు. ఊపిరి అయిపోయేదాకా నిలబెట్టి, సెట్టు కదిలిందేమోనని బొటనవేలితో నొక్కి చూసుకుని, "లేవలేదురా" అన్నాడు. "లేవలేదు!" బాబాయ్ ఇక ఆగకుండా కుంచెలు దించాడు. నేను కీబోర్డు మీద తప్పు మెట్టు నొక్కాను, ఎవరూ తిట్టలేదు.

చాలాసేపటికి అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇక చాల్లెండి, అన్నం చల్లారిపోతోంది" అంది. మామయ్య కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. ఆమె ఇంకోసారి పిలవలేదు. ఖాళీ స్పీకరు పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చుంది.