బేలు లోపలి నిప్పు

ఆదోని స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం మూడు. ఎండాకాలం. గాలి కూడా కాలుతోంది. నా దగ్గర ఒక రైఫిలు, బాయినెట్టు, ఐదు తూటాలు, నీళ్ల సీసా, గొంగళి. హవల్దారు నన్ను పట్టాలు దాటించి గూడ్సు షెడ్డు చూపించాడు. నిండా పత్తి బేళ్లు, సైన్యం గుడారాలకూ బట్టలకూ పోయే సరుకు.

"ఇదే నీ యుద్ధం. కాసుకో," అన్నాడు.

నవ్వకండి. జపానోళ్లతో యుద్ధానికి బర్మాకు పోతున్నానని ఎమ్మిగనూరంతా చాటుకుని వచ్చినవాణ్ణి. తీరా చూస్తే ఇంటికి బస్సు దూరంలో నిలబెట్టారు. మా అమ్మ మాత్రం దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

మేం ఐదుగురం. హవల్దారు, నాయక్, ముగ్గురు సిపాయిలం. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. హవల్దారు కడప మనిషి, కోపిష్టి గానీ న్యాయం తెలిసినవాడు. బేళ్లు మోసే హమాలీల్లో ఈరన్న నాకు దోస్తు అయ్యాడు. కోసిగిలో వానల్లేక పెళ్లాంబిడ్డలతో పనికి వచ్చినవాడు.

రెండో నెలలో ఒక సాయంత్రం, నేను కాపలాలో ఉండగానే ఒక బేలు నుంచి పొగ లేచింది. నీళ్లు పోసి, ఇసుక చల్లి ఆర్పేశాం. అసలు మంట ఆ తర్వాతే మొదలైంది.

ఎవరో పెట్టారని అందరూ తేల్చేశారు. అప్పట్లో స్వరాజ్యం కోసమని కొందరు పట్టాలు పీకుతున్నారు, తంతి తీగలు కోస్తున్నారు. యాడ పొగ లేచినా అదే మాట. పత్తి షావుకారు అన్నాడు, గూడ్సు గుమాస్తా అన్నాడు, టీ అమ్మే ఆయన కూడా అన్నాడు. షెడ్డు నీడలో కూర్చున్న ఈరన్న మొలలో అగ్గిపెట్టె దొరికింది. అంతే. నాయక్ అగ్గిపెట్టె లాక్కుని అతన్ని స్తంభానికి కట్టేశాడు. తెల్లారితే పోలీసులకు అప్పగిస్తారట. ఈరన్న పెళ్లాం దూరంగా నిలబడి ఏడుస్తోంది.

ఎవరొచ్చారని హవల్దారు నన్ను అడిగాడు. ఎవరూ రాలేదన్నాను.

"ఎవురూ రాకుంటే దానంతటదే అంటుకునిందా? కునుకు తీసింటావు. సెప్పు, నిన్నేమీ అననులే."

నిజంగానే కునుకు పట్టిందేమోనని నాకే అనుమానం వచ్చింది. నూరుమంది ఒక మాట మీదుంటే మన కళ్ల మీద మనకే నమ్మకం పోతుంది. భయపడ్డాను కూడా.

కానీ బేలు మీద కప్పిన టార్పాలిన్ కాలలేదు. గోనెపట్టా లోపలి వైపే నల్లబడింది. బయటినుంచి పెడితే అట్లా ఎందుకుంటుంది? మా అమ్మ గుర్తొచ్చింది. రాత్రి పిడక నిప్పును బూడిదలో కప్పెట్టి, పొద్దున ఊది పొయ్యి రాజేసేది. నివురుగప్పిన నిప్పు అని రోజూ అంటూనే ఉంటాం. మిల్లులో పత్తి గింజ తీసేటప్పుడు రాయో మేకో తగిలి రవ్వ లేస్తే, అది పత్తితో పాటే బేల్లోకి పోయి ఉండొచ్చు కదా.

"మిగతా బేళ్లు ఒకసారి సూడనీ అన్నా," అన్నాను. నాయక్ నవ్వాడు. హవల్దారు నవ్వలేదు.

కాలినదానితో పాటు వచ్చిన బేళ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఒక్కోదాంట్లో బాయినెట్టు దించి, కాసేపు ఉంచి, లాగి చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది. మళ్లీ చల్లగానే ఉంది. నా పరువు కూడా చల్లబడుతోంది. వరస చివర మాత్రం చెంప చురుక్కుమంది.

ఆ బేలును బయటికి దొర్లించాం. నీళ్లు దగ్గర పెట్టుకుని ఇనుప పట్టీలు తెంచాం. తెల్లటి పత్తి రెండుగా విడిపోయింది. మధ్యలో జొన్నరొట్టె అంత నలుపు. గాలి తగలగానే కణకణమంది.

హవల్దారు వంగి ఆ నిప్పును చూశాడు. తర్వాత తనే పోయి ఈరన్న కట్లు విప్పాడు. నాకు పెళ్లినాడు కూడా అంత సంతోషం కలగలేదు. మా ఆవిడకు చెప్పకండి.

యుద్ధం ముగిశాక బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చేశాను. బాయినెట్టుతో ఎంతమందిని పొడిచినావు తాతా అని మనవళ్లు అడుగుతారు. పత్తి బేళ్లను పొడిచినానంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు.

నాకు మాత్రం ఇప్పటికీ ఈరన్నే కనబడతాడు. కట్లు ఒరుసుకుపోయిన చేతులు రుద్దుకుంటూ వచ్చి, విడిపోయిన బేలు ముందు గొంతుక్కూర్చున్నాడు. చెవి సందులోంచి బీడీ తీసి, ఆ నిప్పుకే అంటించుకుని, హవల్దారు వైపు తిరిగాడు.

"నా అగ్గిపెట్టె మీ తావే ఉండాది గదప్పా."