నల్ల గుర్తుది ఎక్కడ ఆగింది

తమిళ సీమలోని ధర్మపురిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు జన్యుశాస్త్రం ప్రాక్టికల్ రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే డిగ్రీ చేతికి రాదు. అందుకే ఈసారి ల్యాబులో ఇచ్చిన గాజు పళ్ళెం చూస్తే నాకు తలా తోకా తెలిసేది కాదు.

పళ్ళెంలో రంగు గుర్తులు పెట్టిన మూడు రకాల బ్యాక్టీరియా. తమకు కావలసిన ఒక పోషకాన్ని అవి మెట్టు మెట్టుగా తయారుచేసుకోవాలి. ఒక్కోదానికి ఒక్కో మెట్టు పాడైంది. ఆ పోషకం లేని చోట వాటిని పక్కపక్కనే పెంచి, ఏది దేని పక్కన పెరిగిందో చూసి, ఏ మెట్టు ముందో ఏది వెనకో చెప్పాలి. ఎర్ర గుర్తుది మిగతా రెండింటి పక్కనా పెరిగింది. నీలి గుర్తుది నల్లదాని పక్కన మాత్రమే పెరిగింది. నల్లది దేని పక్కనా పెరగలేదు.

ఎవరు ఆసరా ఇచ్చినా లేవనిది మొదటి మెట్టులోనే కూలబడి ఉండాలి కదా! అలాగే రికార్డు పుస్తకంలో రాశాను. కొట్టేశాను. తిరగేసి రాశాను. అదీ కొట్టేశాను. ఆ రోజంతా అన్నం మానేసి ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం అమ్మ చింతపండు కొట్టం నుంచి వచ్చింది. అక్కడ ఒకరు పెచ్చు ఒలుస్తారు, ఒకరు ఈనెలు లాగుతారు, ఆఖరున గింజలు కొట్టేది అమ్మ.

"నిన్న నేను పోలే కదా, ఈనెలు తీసిన పండు నా చోట కుప్ప పడిపోయింది," అంది. "పక్క కొట్టంలో ఈనెలు లాగేది రాలేదంట. మా కుప్ప ఎత్తుకపోయి వాళ్ళు గింజలు కొట్టుకున్నారు."

"వాళ్ళ కుప్ప మీరు తెచ్చుకోలేదా?"

"ఈనెలతో ఉండే పండు మాకెందుకమ్మే? వాళ్ళకన్నా మేము ముందరికి పోయి నిలిచినాము."

నా పెన్ను ఆగిపోయింది. నల్లది మొదట్లో కూలబడలేదు. ఆఖరు మెట్టుదాకా వచ్చి ఆగింది. దాని దగ్గర పోగుపడింది పక్కకు ఊరి మిగతా రెండింటికీ తిండైంది. వాటి దగ్గరున్నది దీనికి పనికిరాలేదు. అయినా నమ్మకం కుదరక పెచ్చు, ఈనె, గింజ అని వేళ్ళు మడుస్తూనే పరీక్షకు వెళ్ళాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్, "నల్లదే ఆఖరని ఎలా చెప్తావు?" అని తమిళంలో అడిగారు. పాఠమంతా మరిచిపోయి చింతపండు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వి, "ఆ రోజు గింజలు కొట్టడానికి రానిది ఎవరమ్మా?" అన్నారు.

"మా అమ్మ, సార్. నేను తినలేదని నా పక్కనే కూర్చుండిపోయింది."

ఆయన నా రికార్డు మీద సంతకం పెట్టారు. పాసయ్యానని తెలిసి కూడా నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఏది ముందో ఏది వెనకో అని కొట్టుకుంటూ, ఆ రోజు అమ్మ తిన్నదో లేదో నేను అడగనేలేదు.