ముందురోజే వేసిన ముగ్గు

బోయిగూడలో మా గల్లీలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లం నలుగురం. ఉదయం ఏడింటికల్లా మా వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేసి ఉండాలి. లేకపోతే ఎదురింటి కోడలు వచ్చి తలుపు కొడుతుంది. మా తాళంచెవులు ఆమె దగ్గర ఉంటాయి. లేవగానే లోపలి గడియ తీసిపెట్టడం మా వంతు. ఈ ఏర్పాటు చూశాకే అల్వాల్‌లో ఉండే మా చెల్లెలి కూతురు నన్ను వృద్ధాశ్రమంలో చేర్చే మాట పక్కన పెట్టింది. ఒక్కసారి పడ్డా ఇల్లు ఖాళీ చేయిస్తానని మాత్రం చెప్పింది.

ఆ వారం మోకాలు వాచి రెండు రోజులు ముగ్గు ఆలస్యమైంది. రెండుసార్లూ ఆమె వచ్చి తలుపు కొట్టింది. మూడోసారి కొడితే సంగతి అల్వాల్ చేరుతుందని భయపడి, గురువారం ముగ్గు బుధవారం సాయంత్రమే వేసేశాను. ఏడు చుక్కలు, ఏడు వరుసలు.

గురువారం ఆరూ పదికి స్నానాలగదిలో జారిపడ్డాను. ఎడమకాలు కదల్లేదు. తెరిచిన తలుపులోంచి హాల్లో గడియారం, వీధితలుపు కింది సందు కనబడుతున్నాయి. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడులో నా కేక నాకే వినబడలేదు. ఏడింటికి ఆ సందులో ఆమె నీడ పడింది, ఆగింది, వెళ్లిపోయింది. నేను బాగానే ఉన్నానని నా చేత్తో నేనే ముగ్గేసి చెప్పాను. ఇక ఎవరు వస్తారు? నీళ్లు వీపు కిందికి పాకాయి. వణుకు పుట్టింది.

ఎనిమిదీ ఇరవై అయిదుకు తాళం తిరిగింది. నూట ముప్పై అయిదు నిమిషాలు.

ఆమె కుళాయి కట్టేసి నా తల ఒళ్లోకి తీసుకుంది. "ముగ్గున్నది గని కింద తడి లేదు పెద్దమ్మా. కూరగాయలకు రెజిమెంటల్ బజార్‌ దాకా పోయిన, గదే మతిల తిరిగింది. ఎవలను మోసం చేద్దామని?"

ఎముక విరగలేదు. మా చెల్లెలి కూతురికి చెప్పొద్దని బతిమాలాను. చెప్పక తప్పదంది, చెప్పింది కూడా. కానీ అల్వాల్ నుంచి వచ్చిన దానితో నా తరఫున మాట్లాడింది ఆమే: "ముగ్గు ఇగ నేనే వేస్త. పెద్దమ్మ ఆరున్నరకు కిటికీ తెరిస్తే చాలు."

చెల్లెలి కూతురు మూడు నెలలు చూస్తానని గడువిచ్చింది. ఇది పదకొండో రోజు. కిటికీ స్నానానికి ముందు తెరవను, బయటికి వచ్చాకే తెరుస్తాను. లోపల ఉండే ఇరవై నిమిషాలూ గోడ వదలను.